డేట్‌కు ముందు వారం: పీఎంఎస్ గురించి వరంగల్ కాలేజీ, యూనివర్సిటీ అమ్మాయిలు అడిగే ప్రశ్నలు

కాకతీయ యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీ, పింగళి కాలేజీ, ఊరంతా ఉన్న ప్రైవేటు హాస్టళ్లు. వరంగల్, హనుమకొండల్లో ఇల్లు విడిచి చదువుకునే అమ్మాయిలు వేలల్లో ఉన్నారు. నెలసరికి ముందు వచ్చే ఇబ్బందుల (పీఎంఎస్, అంటే ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్) గురించి వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మందుల మోతాదులు తెలిసి ఉండటానికి రాసినవి. డాక్టరు రాయాల్సిన మందు అని చెప్పిన చోట డాక్టరే రాయాలి.

డేట్ ముందు అందరికీ ఏదో ఒకటి ఉంటది కదా, దాన్ని పీఎంఎస్ అని ఎప్పుడంటారు?

రొమ్ములు కాస్త బరువెక్కడం, ఒకటి రెండు మొటిమలు, కొంచెం చిరాకు చాలామందికి ఉండేవే. వాటిని జబ్బు అనరు. పీఎంఎస్ అనాలంటే లక్షణాలు నెలసరికి ముందు 5 రోజుల్లో కనిపించాలి, అట్లా వరుసగా కనీసం 3 నెలసరుల్లో జరగాలి. బ్లీడింగ్ మొదలైన 4 రోజుల్లోపు తగ్గిపోవాలి. వాటి వల్ల ఏదో ఒక పని ఆగాలి: క్లాసు పోవడం, రికార్డు రాయకుండా పడుకోవడం, రూమ్మేటుతో మాటలు బంద్ కావడం. ఈ మూడూ కలిస్తేనే పీఎంఎస్.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది, నెలలో కనీసం ఒక వారం మీరు పూర్తిగా మామూలుగా ఉన్నారా అన్నది. బ్లీడింగ్ ఆగిన తర్వాతి వారం హాయిగా గడిచిందంటే అనుమానం పీఎంఎస్ వైపు మొగ్గుతుంది. ఆ వారం కూడా అదే దిగులు, అదే నీరసం ఉంటే కారణం వేరే చోట వెతకాలి.

పీఎండీడీ అంటే పెద్ద పీఎంఎస్సా?

పీఎండీడీ అంటే ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్. ఒక రకంగా అంతే, కానీ దాన్ని విడిగా గుర్తించడానికి కారణం ఉంది. ఇందులో ముందుండేది మనసు: తట్టుకోలేని కోపం, ఉన్నట్టుండి ఏడుపు, ఏమీ మిగల్లేదన్న దిగులు, గుండె దడ పుట్టించే ఆందోళన. వీటిలో కనీసం ఒకటి ఉండాలి. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, అలసట, ఒంటి నొప్పుల వంటివి కలుపుకొని మొత్తం 5 లక్షణాలు ఉండాలి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణలో దీన్ని పూర్తి స్థాయి జబ్బుగా చేర్చారు. నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో నూటికి 3 నుంచి 8 మందికి ఉంటుందని అంచనా. "నెలలో పది రోజులు నేను నేను కాను" అని ఎవరైనా చెబితే అది నాటకం అనుకోవద్దు. వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా.

అంటే నాకు హార్మోన్ ఇంబాలెన్స్ ఉన్నట్టా? ఏ టెస్ట్ చేయించుకోవాలె?

ఈ మాట అందరి నోటా వినిపిస్తుంది, కానీ పీఎంఎస్ విషయంలో నిజం కాదు. 1931లో న్యూయార్క్ డాక్టరు రాబర్ట్ ఫ్రాంక్ ఈ ఇబ్బందిని మొదటిసారి వైద్య పత్రికలో వివరించినప్పుడు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువ కావడమే కారణం అనుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే పీఎంఎస్ ఉన్నవాళ్లలో, లేనివాళ్లలో హార్మోన్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. 1998లో వచ్చిన ఒక ప్రయోగం దీన్ని తేల్చింది. అండాశయాల పని మందుతో ఆపితే పీఎంఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి లక్షణాలు తగ్గాయి. హార్మోన్లు తిరిగి ఇవ్వగానే మళ్లీ వచ్చాయి. అవే హార్మోన్లు అదే మోతాదులో పీఎంఎస్ లేనివాళ్లకు ఇస్తే ఏమీ కాలేదు.

అంటే హార్మోన్లు మామూలుగానే ఎక్కి దిగుతాయి, కొందరి మెదడు ఆ ఎక్కిదిగడాన్ని ఎక్కువగా పట్టించుకుంటుంది. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టరాన్ హార్మోన్ నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది. కొందరిలో అది శాంతపరచడానికి బదులు చిరాకు పెంచుతుంది. మూడ్‌ను నడిపే మెదడు రసాయనం సెరటోనిన్‌కు కూడా ఇందులో భాగం ఉంది. అందుకే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ పరీక్షలకు డబ్బు పెట్టి "నార్మల్" అన్న కాగితం తెచ్చుకుంటే ఏమీ తేలదు. దాన్ని చూపించి "నీకేం లేదు, ఊకె చేస్తున్నవ్" అనే అవకాశం ఎదుటివాళ్లకు దొరుకుతుంది, అంతే.

మరి ఉందో లేదో ఎట్ల తెలుస్తది?

తేదీలతో. రోజూ రాసిన రెండు నెలసరుల చార్టు డాక్టరుకు ఏ స్కానింగ్ కన్నా ఎక్కువ చెబుతుంది. ఫోన్‌లో యాప్ ఉన్నా సరే, కానీ గళ్ల నోటుబుక్కులో ఒక పేజీ ఇంకా నయం. డాక్టరు ముందు పెట్టడం సులువు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

పేజీ పైన అడ్డంగా 1 నుంచి 35 వరకు అంకెలు వేయండి. ప్యాడ్ పెట్టుకోవాల్సినంత ఎర్రటి బ్లీడింగ్ మొదలైన రోజు 1వ రోజు. ముందు రోజు కనిపించిన గోధుమ రంగు మరకను లెక్కలోకి తీసుకోవద్దు, చాలామంది తప్పేది ఇక్కడే. ఎడమ వైపు నిలువుగా ఆరు వరుసలు చాలు: కోపం లేదా చిరాకు, ఏడుపు లేదా దిగులు, ఆందోళన, నిద్ర సరిగా లేకపోవడం, ఉబ్బరం లేదా రొమ్ముల నొప్పి, చదువు సాగకపోవడం. మీకు ప్రత్యేకంగా వచ్చేది ఏదైనా ఉంటే, తలనొప్పో తిండి మీద యావో, ఏడో వరుసగా చేర్చండి. రాత్రి పడుకునే ముందు ప్రతి గడిలో ఒక అంకె వేయాలి. ఏమీ లేకపోతే 0, ఉంది కానీ పట్టించుకోలేదంటే 1, ఇబ్బంది పడ్డా పని చేసుకున్నానంటే 2, పని ఆగిపోయిందంటే 3. కింద ఒక ఖాళీ వరుసలో ఆ రోజు పరీక్ష, జ్వరం, ఇంట్లో గొడవ, వేసుకున్న మాత్ర వంటివి ఒక ముక్కలో రాయండి.

చార్టు చెడిపోయేది ఎక్కువగా రెండు రకాలుగా. ఆదివారం కూర్చుని వారం మొత్తం గుర్తుతెచ్చుకొని నింపడం ఒకటి. అప్పటి మూడ్ ఎట్లా ఉంటే వారమంతా అట్లాగే కనిపిస్తుంది. బాగోలేని రోజులే రాసి బాగున్న రోజులు వదిలేయడం రెండోది. ఆ సున్నాలే అసలు సాక్ష్యం, వాటిని వదలొద్దు. ఒక రోజు మరిచిపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపొద్దు.

రెండు నెలలు రాసిన. ఇప్పుడు దాన్ని ఎట్ల చదవాలె?

రెండు వారాలను పక్కపక్కన పెట్టండి. ఒకటి, బ్లీడింగ్ మొదలైనప్పటి నుంచి లెక్కిస్తే 6 నుంచి 12వ రోజు వరకు. రెండోది, తర్వాతి బ్లీడింగ్‌కు ముందున్న 7 రోజులు. ఒక్కో వరుసను విడిగా కూడండి.

కోపం వరుసలో మొదటి వారం 0, 0, 1, 0, 0, 0, 1 అని ఉందనుకోండి, మొత్తం 2. చివరి వారం 0, 1, 2, 2, 3, 3, 2 అయితే మొత్తం 13. రెండు నెలలూ ఇదే తీరు ఉంటే ఇది పీఎంఎస్ లేదా పీఎండీడీ ఆకారం. మొదటి వారం 13, చివరి వారం 15 వస్తే అది నెలంతా ఉండే ఇబ్బంది: డిప్రెషన్, ఆందోళన జబ్బు, థైరాయిడ్, రక్తహీనత, లేదా నెలల తరబడి నిద్ర లేకపోవడం. మొదటి వారం 9, చివరి వారం 18 అయితే మూడో రకం. ముందే ఉన్న జబ్బు డేట్ ముందు ముదురుతోందని అర్థం. డిప్రెషన్, మైగ్రేన్, ఆస్తమా, మూర్ఛ ఇట్లా ముదరడం మామూలే. అప్పుడు అసలు జబ్బుకు నెలంతా వైద్యం జరగాలి, చివరి వారానికి మాత్రమే మందు ఇస్తే సరిపోదు.

నీరసం వరుస మాత్రమే నెలంతా 2, 3 చూపిస్తే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 గ్రాములకు తక్కువైతే రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. పీఎంఎస్ అనుకుని ఏడాది గడిపి, చివరికి ఐరన్ మాత్రలతో తేరుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నాకు డేట్లు సక్కగ రావు. 28 రోజులు, ఒక్కోసారి 40. అప్పుడు?

వెనక నుంచి లెక్కపెట్టండి. అండం విడుదలైన తర్వాత నెలసరికి పట్టే కాలం చాలామందికి 14 రోజులకు అటూ ఇటూ ఉంటుంది. మారేది దానికి ముందున్న భాగం. కాబట్టి 40 రోజుల చక్రంలో లక్షణాలు 14వ రోజున రావు, 27వ రోజు తర్వాత వస్తాయి. బ్లీడింగ్ వచ్చాక చార్టులో వెనక్కి 7 గడులు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. 35 రోజులు దాటడం తరచూ జరుగుతుంటే, లేదా మూడు నెలలు డేట్ రాకపోతే పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల్లాంటివి కనిపించే సమస్య), థైరాయిడ్ సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి. పీసీఓడీ వేరు, పీఎంఎస్ వేరు. ఒకరికే రెండూ ఉండొచ్చు.

కడుపునొప్పి కూడా పీఎంఎస్సేనా?

బ్లీడింగ్ మొదలవుతూనే, లేదా ముందు రోజు మొదలై రెండు మూడు రోజులు పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి వేరే సంగతి. గర్భసంచి పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువై కండరం గట్టిగా ముడుచుకోవడం వల్ల అది వస్తుంది. దానికి ఇబుప్రోఫెన్ 400 మి.గ్రా. ఏదైనా తిన్న తర్వాత 6 నుంచి 8 గంటలకోసారి వేసుకోవచ్చు. రోజుకు 3 దాటొద్దు. నొప్పి ముదిరి వాంతులయ్యాక వేసుకుంటే మాత్ర నిలవదు. నొప్పి తగులుతుండగానే వేసుకోవాలి.

హాస్టళ్లలో చేతులు మారే మాత్ర మెఫినమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిసినది. అది కూడా పనిచేస్తుంది. కానీ మెఫినమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. వేసుకున్న తర్వాతి రోజుల్లో, కొన్ని వారాలకైనా సరే, జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా ఉన్నవాళ్లు ఈ రెండు మాత్రలూ ముట్టొద్దు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వద్దు.

మాత్రకూ లొంగని నొప్పి, ఏడాదికేడాది పెరిగే నొప్పి, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) కావచ్చు. చూపించుకోవాలి.

హాస్టల్ మెస్‌లో తింటూ తిండి మార్చుకోవడం అయ్యే పనేనా?

అవుతుంది, పెద్దగా ఖర్చు లేకుండా. ముందు చూడాల్సింది ఏం తింటున్నారని కాదు, ఎప్పుడు తింటున్నారని. రాత్రి 8కి తిని, పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం 1కి అన్నం తింటే మధ్యలో 17 గంటలు. చివరి వారంలో ఆ ఖాళీ కడుపు చిరాకును, తలనొప్పిని రెట్టింపు చేస్తుంది. ఆ 7 రోజులు మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. గుప్పెడు బబ్బెర గుడాలో శనగ గుడాలో, ఇంటి నుంచి తెచ్చుకున్న సత్తుపిండో, పల్లీపట్టీయో, అరటిపండో చాలు.

తర్వాత ఉప్పు. ఉబ్బరం, చేతివేళ్లు బిగుసుకోవడం, బరువు ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు కనిపించడం నీరు నిలవడం వల్ల. రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామిడికాయ తొక్కు, అప్పడం, చిప్స్, నూడుల్స్ పొడి ప్యాకెట్ కలిసిన రోజున అది మధ్యాహ్నానికే దాటుతుంది. ఆ వారం పచ్చడి ఒక పూటకు తగ్గించినా తేడా తెలుస్తుంది. నీళ్లు తాగడం మాత్రం తగ్గించొద్దు, ఉబ్బరం పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. నీరు దిగే మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, పొటాషియం తారుమారవుతుంది.

చాయ్, కాఫీ సాయంత్రం 4 తర్వాత మానితే నిద్ర కుదురుకుంటుంది. పరీక్షల ముందు రాత్రి కాఫీ మీద కాఫీ తాగి, పొద్దున గుండె దడను పీఎంఎస్ ఆందోళన అనుకోవడం తరచూ జరుగుతుంది. చార్టు కింది వరుసలో కాఫీ లెక్క రాస్తే అదే బయటపడుతుంది.

కాల్షియం వేసుకుంటే తగ్గుతదని విన్నం. నిజమేనా?

విటమిన్లు, ఖనిజాలన్నింటిలో గట్టి ఆధారం ఉన్నది దీనికే. 1998లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం వేసుకున్నవాళ్లకు మూడో నెలకు లక్షణాలు 48 శాతం తగ్గాయి. అయితే ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా 30 శాతం తగ్గాయి. కాబట్టి ఉపయోగం ఉంది, అద్భుతం కాదు. మూడు నెలలు ఓపిక పట్టాలి.

తిండిలోంచి తెచ్చుకోగలిగితే ముందు అదే మంచిది. ఆడవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో ఉంది. గ్లాసు పాలలో, అంటే 200 మి.లీ.లో, సుమారు 240. కప్పు గట్టి పెరుగులో సుమారు 200 (నీళ్ల మజ్జిగలో ఇందులో కొంతే ఉంటుంది). 40 గ్రాముల రాగిపిండితో కాచిన జావలో సుమారు 145. పొట్టు తీయని నువ్వులు 15 గ్రాములు, అంటే ఒక మంచి నువ్వుల ముద్ద, సుమారు 190. తోటకూర కూర ఉన్న రోజు ఇంకొంచెం. నువ్వుల్లో, ఆకుకూరల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి పాలు, పెరుగు మీదే ఎక్కువ ఆధారపడండి. నువ్వులు వేడి చేస్తాయని, డేట్ ముందుకు జరుగుతుందని భయపడి మానేసేవాళ్లున్నారు. మామూలుగా తినే నువ్వుల ముద్ద డేట్‌ను జరపదు.

మాత్రలైతే 500 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు, వేర్వేరు పూటల్లో, అన్నం తిన్న వెంటనే. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, రెండు గంటలు ఎడం ఉండాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

విటమిన్ బి6 కొందరికి మూడ్ విషయంలో సాయం చేస్తుంది. రోజుకు 50 మి.గ్రా.తో మొదలుపెడతారు, 100 దాటకూడదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అరికాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి. బీ కాంప్లెక్స్ ఒకటి, మల్టీవిటమిన్ ఒకటి వేసుకుంటూ ఇది మూడోదిగా చేర్చితే లెక్క తప్పుతుంది. స్ట్రిప్పుల వెనక చదివి కూడుకోండి.

వ్యాయామం ఎంత? చివరి వారంలో లేవబుద్ధి కాదు కదా.

వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడక. యూనివర్సిటీ రోడ్ల మీదో, భద్రకాళి బండ్ మీదో, హాస్టల్ డాబా మీదో. చివరి వారంలో మొదలుపెడితే ఫలితం ఉండదు, అందుకే చాలామంది "ట్రై చేసిన, పని చెయ్యలే" అంటారు. బాగున్న మూడు వారాలు నడిస్తేనే చివరి వారం తేలికవుతుంది. అప్పుడు పది నిమిషాలు నడిచినా సరే.

నిద్రలో ఒక కిటుకు. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీలు పెరిగి డేట్ వచ్చేదాకా అట్లాగే ఉంటుంది. ఏప్రిల్, మే సెమిస్టర్ పరీక్షలప్పుడు మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తు రూము అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. ఆ రోజుల్లో పడుకునే ముందు చన్నీళ్ల స్నానం, కూలర్ ఎదురుగా మంచం, కాటన్ దుప్పటి. ఇవి చిన్న పనులే అయినా చార్టులో నిద్ర వరుసను మార్చేస్తాయి.

డాక్టరు డిప్రెషన్ మాత్ర రాసిండు. నాకు డిప్రెషన్ లేదు కదా, ఎందుకు వేసుకోవాలె? అలవాటు పడితే?

ఫ్లూఓక్సెటిన్ 20 మి.గ్రా., సెర్ట్రలిన్ 50 మి.గ్రా. వంటివి పీఎండీడీకి మొదటి వరుస మందులు. డిప్రెషన్‌లో వీటికి కొన్ని వారాలు పడుతుంది, ఇక్కడ కొద్ది రోజుల్లోనే పనిచేస్తాయి. అందుకే కొందరికి నెలంతా కాకుండా, డేట్‌కు 14 రోజుల ముందు మొదలుపెట్టి బ్లీడింగ్ రాగానే ఆపేలా రాస్తారు. డేట్లు సక్రమంగా వచ్చేవాళ్లకే ఇది కుదురుతుంది. ఇక్కడ కూడా చార్టు లేకపోతే మొదలుపెట్టే రోజు తెలియదు.

మత్తుమందులా అలవాటయ్యేవి కావు. మొదటి వారం వికారం, తలనొప్పి, నిద్ర తేడా ఉండొచ్చు, చాలావరకు సర్దుకుంటాయి. 25 ఏళ్లలోపువాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉంది. కాబట్టి రూమ్మేటుకో అక్కకో చెప్పి మొదలుపెట్టండి, రెండు వారాలకు డాక్టరును మళ్లీ కలవండి. రోజూ వేసుకునేవాళ్లు చెప్పకుండా ఒక్కసారే ఆపొద్దు. పక్క రూము అమ్మాయి స్ట్రిప్పులోంచి తీసుకునే మందు ఇది కాదు.

నెలసరి గోలీలు, అంటే రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలు, ఇంకో దారి. డ్రోస్పిరెనోన్ 3 మి.గ్రా., ఈథినైల్ ఎస్ట్రడియాల్ 20 మైక్రోగ్రాములు ఉండి, 24 రోజులు మందు, 4 రోజులు ఖాళీ మాత్ర వచ్చే రకానికి అమెరికా 2006లో పీఎండీడీ కోసం అనుమతి ఇచ్చింది. కళ్ల ముందు మెరుపులు కనిపించి మైగ్రేన్ వచ్చేవాళ్లకు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే 72 గంటల మాత్రకూ పీఎంఎస్‌కూ సంబంధం లేదు. అది వేసుకున్న నెలలో డేట్ అటూ ఇటూ అవుతుంది, ఆ నెల చార్టు లెక్కలోకి రాదు.

మేడారం జాతరకు పోవాలె, డేట్ అడ్డం వస్తది. పోస్ట్‌పోన్ మాత్ర వేసుకోవచ్చా?

జాతరకైనా, బతుకమ్మకైనా, అక్క పెళ్లికైనా వేసుకునేది నోరెథిస్టెరోన్. మామూలుగా 5 మి.గ్రా. రోజుకు మూడు సార్లు, డేట్‌కు 3 రోజుల ముందు నుంచి. ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ వస్తుంది. ఆలస్యంగా, రేపు డేట్ అనగా మొదలుపెడితే తరచూ పనిచేయదు, మధ్యలో మరక కనిపిస్తుంది. ఒక్క పూట తప్పినా అంతే.

పీఎంఎస్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ మాత్ర వేసుకున్నన్ని రోజులు ఉబ్బరం, చిరాకు, దిగులు సాగుతూనే ఉండొచ్చు. 5 రోజుల బాధ 12 రోజులు కావచ్చు. ఈ మోతాదులో ఇది ఒంట్లో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది. అందుకే రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు, మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇవ్వరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకుండా డాక్టరుతో రాయించుకోండి. ఏడాదికి నాలుగైదు సార్లు వేసుకుంటే మీ డేట్లు, మీ చార్టు రెండూ గందరగోళమవుతాయి.

డేట్ ముందు రెండు రోజులు చచ్చిపోవాలనిపిస్తది, తర్వాత పోతది. ఎవరికన్న చెప్పాలా?

చెప్పాలి, ఈ రోజే. రెండు రోజుల్లో పోతుందన్నది నిజమే అయినా ఆ రెండు రోజులు ప్రమాదమే. 14416 టెలీ మానస్ నంబరు, మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైన్. ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎలా చేసుకోవాలన్న ఆలోచన కూడా వస్తుంటే ఒంటరిగా ఉండొద్దు, ఎవరినైనా వెంటబెట్టుకొని ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. పక్కన ఉన్నవాళ్లు మాత్రలు, బ్లేడ్లు రూములోంచి తీసేయాలి, తోడుండాలి. "డేట్ వస్తే పోతదిలే" అని వదిలేయొద్దు. తర్వాత చార్టులో ఆ రోజులు గుర్తుపెట్టండి. వచ్చే నెల ఆ రోజులకు ముందే డాక్టరును కలవచ్చు, అక్కను రమ్మనొచ్చు.

పెళ్లికాని అమ్మాయి గైనిక్ డాక్టర్ దగ్గరికి పోతే ఏమనుకుంటరో. లోపల పరీక్ష చేస్తరా?

పీఎంఎస్‌కు లోపలి పరీక్ష అవసరం లేదు. స్కానింగ్ కూడా వేరే అనుమానం ఉంటేనే, అదీ పొట్ట మీది నుంచే. మాటలు, చార్టు, అవసరమైతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. అంతే.

వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. మనసుకు సంబంధించినదే ఎక్కువైతే ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లొచ్చు. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాల్లో ఆడవాళ్ల కోసమే నడిచేలా పెట్టారు, నెలసరి సమస్యలు కూడా అందులో చూస్తారు. మీకు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి. ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలే, కాబట్టి కూర్చోగానే చార్టు ఇచ్చి ఇట్లా చెప్పండి: "డేట్‌కు ముందు ఆరు రోజులు ఇట్లా ఉంటుంది, వచ్చిన మూడో రోజుకు పోతుంది, పోయిన నెల రెండు ఇంటర్నల్స్ పోయినయ్." దానికన్నా ఎక్కువ అక్కర్లేదు.

18 నిండిన మీ చికిత్స వివరాలు మీ అనుమతి లేకుండా వార్డెన్‌కో ఇంటికో చెప్పకూడదు. మానసిక వైద్యానికి సంబంధించి 2017 చట్టం ఈ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం అవసరమైనంత వరకు చెబుతారు.

అటెండెన్స్ పోతుంది. ఏం చెయ్యాలె?

చాలా కోర్సుల్లో 75 శాతం కావాలి, అనారోగ్యం కారణంగా కొంత మినహాయింపు ఉంటుంది. సెమిస్టర్ చివర్లో కాకుండా ఆరోగ్యం బాగోలేని వారంలోనే ఓపీ చీటీ తీసుకోండి, తేదీ కలవాలి. కేరళలో కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ 2023లో నెలసరి కోసం సెమిస్టర్‌కు 2 శాతం హాజరు మినహాయింపు ఇచ్చింది. మన యూనివర్సిటీల్లో కూడా అడగాల్సిన విషయమే ఇది, విద్యార్థినులు కలిసి రాతపూర్వకంగా అడగాలి.

చార్టు ఉంటే ఇంకో లాభం. తర్వాతి డేట్ ఎప్పుడో ముందే తెలుస్తుంది కాబట్టి ప్రాజెక్టు వైవా, సెమినార్ తేదీ ఎంచుకునే వీలున్నప్పుడు ఆ వారం తప్పించొచ్చు. కష్టమైన యూనిట్లు బాగున్న రెండు వారాల్లో చదివి, చివరి వారానికి రివిజన్, రికార్డు రాత మిగుల్చుకోవచ్చు.

పెళ్లయితే తగ్గుతదంటరు?

తగ్గదు. పెళ్లికి, కాన్పుకు ముందూ తర్వాతా ఉండొచ్చు. గర్భంతో ఉన్నన్ని నెలలు అండం విడుదల కాదు కాబట్టి ఉండదు, తర్వాత మళ్లీ రావచ్చు. నెలసరులు పూర్తిగా ఆగిపోయాక పోతుంది. అందుకని ఇరవై ఏళ్లకే వైద్యం చేయించుకుంటే తొందరపడినట్టు కాదు.

రూమ్మేటుకు ఉంది. నేను ఏం చెయ్యగలను?

గొడవ మధ్యలో "నీకు డేట్ దగ్గరకొచ్చిందా?" అనొద్దు. నిజమే అయినా సరే. ఆ మాటతో ఆ అమ్మాయి చెప్పే అసలు ఫిర్యాదు, మీరు ఆమె బకెట్ వాడుకున్నదో లైటు ఆర్పనిదో, చెల్లకుండా పోతుంది. బాగున్న వారంలో అడగండి: ఆ రోజుల్లో మాట్లాడాలా, ఒంటరిగా వదిలేయాలా, మెస్ నుంచి ప్లేటు తెచ్చిపెట్టాలా. ఆమె ఒప్పుకుంటే రాత్రి చార్టు గుర్తుచేయండి. ఇంట్లో అమ్మకు ఫోన్‌లో చెప్పడం కష్టమైతే, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ కాగితమే చూపించమనండి. ఊళ్లో ఉన్న రెండు నెలలు కూడా రాయడం ఆపొద్దని చెప్పండి. హాస్టల్ తిండి, పరీక్షలు లేని ఆ రోజుల్లో చివరి వారం ఎట్లా గడిచిందో చూస్తే, ఏది నెలసరి వల్ల, ఏది చదువు ఒత్తిడి వల్ల అన్నది విడివిడిగా కనిపిస్తుంది.